ఆస్తి అప్పగింతలు: ఒక సింహావలోకనం

పోయేవాడు తన ఆస్తి ఎవరికి చెందాలో నిర్ణయించుకోవడం ఒక ఎత్తు. ఆ నిర్ణయాన్ని నడిపించవలసినవాడికి అది ముందే తెలిసి ఉండడం ఇంకో ఎత్తు. మొదటిదాని గురించి మన ధర్మశాస్త్రాలు, చట్టాలు, కోర్టు తీర్పులు వందల ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాయి. పిత్రార్జితం, స్వార్జితం, దత్తత, స్త్రీధనం, మనోవర్తి అంటూ ఒక్కో మాట మీద వాదించి తలపండిన ప్లీడర్లు ప్రతి తాలూకాలోనూ ఉండేవారు. రెండోది మాత్రం చాలాకాలం ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోనక్కరలేని సంగతిగానే ఉండిపోయింది. ఎందుకంటే పాతరోజుల్లో అది దాచుదామన్నా దాగేది కాదు. నడిపించేవాడికే కాదు, వీధి వీధికీ తెలిసేది. ఆ తెలియడం ఏ మలుపుల్లో సన్నగిల్లిందో, దాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి మన తరాలు ఏ దారులు తొక్కాయో చూడాలంటే కాస్త దూరం నుంచే బయలుదేరాలి.

పదకొండో శతాబ్దం చివర, పన్నెండో శతాబ్దం మొదట్లో కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడి ఏలుబడిలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన సమకాలికుడైన మూలఘటిక కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆ ధర్మంలో వీలునామాకు చోటే లేదు. కొడుకుకు పుట్టుకతోనే తాత ఆస్తిలో హక్కు వస్తుంది కనుక తండ్రి పోయినప్పుడు ఆస్తి ఎక్కడికీ కదలదు, ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉండిపోతుంది. ఎవరికైనా విడిగా ఏమైనా చెందాలంటే, అంటే కూతురికి పసుపు కుంకుమ కింద ఎకరం, విధవరాలైన చెల్లెలికి మనోవర్తి, దత్తు చేసుకోవడానికి భార్యకు అనుమతి, ఇలాంటివన్నీ నోటిమాటగా నడిచేవి. ఆ మాట నలుగురు పెద్దమనుషుల ఎదుట, కరణం ఎదుట, దాయాదుల ఎదుట అనాలి. అనకపోతే అది లేనట్టే. కాబట్టి ఆనాటి ఏర్పాటులో మాట చెప్పడం, ఆస్తి అప్పగించడం రెండు పనులు కావు. విన్నవాడే సాక్షి, విన్నవాడే అమలు చేయించేవాడు. ఆ ఏర్పాటులో లోపాలు లేవని కాదు. పెద్దమనుషులు పక్షపాతం చూపేవారు, చెల్లెలి మనోవర్తి ఎగ్గొట్టినా మౌనంగా ఊరుకునేవారు. కానీ మాకు తెలియదు అనే సాకు మాత్రం వారికి ఉండేది కాదు.

కుటుంబం దాటి, తరాలు దాటి నిలవాలనుకున్న దానాలకు ఆనాటివారు ఇంకా గట్టి పద్ధతి పెట్టారు. ద్రాక్షారామ భీమేశ్వరాలయం స్తంభాల మీద, గోడల మీద ఉన్న శాసనాలు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అఖండదీపానికి గొర్రెలో ఆవులో దానం చేసిన దాత తన పేరు, పుణ్యం ఎవరికి చెందాలో చెప్పి ఊరుకోడు. ఆ మందను ఫలానా బోయడు చేపట్టాడని, రోజూ ఇంత నెయ్యి అతడు కొలవాలని, అతడి తరువాత కొడుకులు మనవలు ఆచంద్రార్కం ఆ పని చేయాలని రాయిస్తాడు. నేటి భాషలో చెప్పాలంటే ట్రస్టు ఆస్తి ఏమిటి, ట్రస్టీ ఎవరు, అతడి బాధ్యత ఎంత, అతడి తరువాత ఎవరు అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు రాతి మీద ఉంది. ఆ బోయడికి చదువు రాకపోయినా గుడికి వచ్చే ప్రతివాడికీ అతడి బాధ్యత తెలుసు. దాత బతికి ఉండగానే మంద చేతికి వచ్చింది, నెయ్యి కొలవడం మొదలైంది. చెరిపినవాడికి చుట్టుకునే పాపాలను చివర్లో జోడించడం కూడా ఒక రకమైన హెచ్చరిక నోటీసే. మన నేలమీద ధర్మకర్తృత్వం ఇంత బహిరంగంగా మొదలైందన్న సంగతి గర్వంగా తలచుకోదగ్గది.

రాతి మీది మాట కాగితం మీదికి, గుడి గోడ నుంచి పెట్టెలోకి మారడం చెన్నపట్నంలో మొదలైంది. 1726లో మొదటి జార్జి రాజు ఇచ్చిన సనదుతో మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో ఏర్పడిన మేయరు కోర్టులకు వీలునామాలకు ప్రొబేటు, అంటే కోర్టు ధ్రువీకరణ, ఇచ్చే అధికారం దక్కింది. కుంపిణీ దొరల కోసం పెట్టిన ఆ పద్ధతిని చూసి వారి దగ్గర దుబాసీలుగా, వర్తకులుగా ఉన్న మనవాళ్లు నేర్చుకున్నారు. వీరి సంపాదన తాతలది కాదు, సొంతంగా పట్నంలో కూడబెట్టింది. చుట్టూ ఉన్నది ఊరు కాదు. మాట వినే కరణం లేడు. అందుకని కాగితం అవసరమైంది. ఆ తరంలో అందరికీ తెలిసిన పేరు పచ్చయప్ప మొదలియారుది. నలభై ఏళ్ల వయసులో, 1794లో కన్నుమూయబోతూ దేవాలయ ధర్మాలకు, దానాలకు పెద్ద మొత్తం కేటాయిస్తూ ఆయన వీలునామా రాయించాడు. కాగితం ఉంది, కోరిక స్పష్టంగా ఉంది. అయినా ఆ సొమ్ము బంధువుల తగాదాల్లో, కోర్టు వ్యాజ్యాల్లో దాదాపు అర్ధశతాబ్దం చిక్కుకుపోయింది. అడ్వొకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుబట్టి ఆనాటి మద్రాసు సుప్రీం కోర్టు ద్వారా ట్రస్టీల మండలి వేయించాక, కోరిన ధర్మాలకు కావలసింది పక్కన పెట్టి, మిగిలినదాంతో 1842లో పచ్చయప్ప పేరిట పాఠశాల తెరిచారు. తరవాత అది కళాశాల అయింది. వేలాది మందికి, వారిలో తెలుగువారికి కూడా, అది చదువు పెట్టింది. అయితే ఆ చదువు సంగతి పచ్చయప్ప వీలునామాలో రాసింది కాదు, ఆయన పోయిన తరువాత పుట్టినవాళ్ల ఆలోచన. నడిపించేవారు ఎవరో, వారికి ఏ ఖాతా ఎంతవరకు అప్పగించాలో బతికుండగానే తేలి ఉంటే ఆ సొమ్ము యాభై ఏళ్లు మూలుగుతూ ఉండేది కాదన్నది నా అభిప్రాయం.

పట్నం దాటి జిల్లాల్లోకి వచ్చేసరికి వీలునామా చెల్లుతుందా లేదా అన్నదే పెద్ద తర్కమైంది. 1829లో మద్రాసు ప్రభుత్వం ఒక రెగ్యులేషను తెచ్చి హిందువుల వీలునామా హిందూ ధర్మశాస్త్రానికి ఒప్పినంత మేరకే చెల్లుతుందని అన్నది. శాస్త్రంలో ఆ ఊసే లేనప్పుడు ఒప్పడం ఎట్లా? పండితులూ జడ్జీలూ ఒక తరం పాటు ఈ చిక్కు విప్పుతూ కూర్చున్నారు. మద్రాసు నుంచి వెళ్లిన ఒక అప్పీలులో 1856లో లండన్ ప్రివీ కౌన్సిల్, బతికుండగా దానం ఇవ్వగలిగిన ఆస్తిని వీలునామాతో కూడా ఇవ్వవచ్చునన్న దారికి మొగ్గింది. 1870 హిందూ వీలునామాల చట్టం మద్రాసు నగరానికి సాక్షుల నియమం తెచ్చింది. 1881 చట్టం ప్రొబేటు పద్ధతిని, 1882 చట్టం ట్రస్టు పద్ధతిని ఒక క్రమంలో పెట్టాయి.

ఈ 1882 ట్రస్టుల చట్టంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. దాని గురించి మాట్లాడేవారు తక్కువ. బతికుండగా ఇంకొకరిని ట్రస్టీగా పెట్టి ట్రస్టు ఏర్పరిచేవాడు ఆస్తిని ఆ ట్రస్టీకి బదిలీ చేసి తీరాలి. వీలునామా ద్వారా పెట్టేవాడికి ఆ పని లేదు. అంటే ద్రాక్షారామంలో మంద తోలుకొచ్చి బోయడికి అప్పగించిన ఘట్టం ఇక్కడ ఎగిరిపోయింది. ట్రస్టీ లెక్కలు రాయాలి, లబ్ధిదారు అడిగితే సమాచారం చెప్పాలి అని చట్టం చాలా శ్రద్ధగా రాసుకుంది. ట్రస్టు బాధ్యతను స్వీకరించి తీరాలని ఎవరినీ బలవంతం చేయకూడదనీ రాసింది. కానీ ట్రస్టు పెట్టేవాడు ట్రస్టీకి ఒక ముక్క ముందుగా చెప్పి ఉంచాలని ఎక్కడా రాయలేదు. చట్టకర్తలు దాన్ని మర్యాదకు వదిలేశారు.

ఇదే కాలంలో జమీందారీల్లో వీలునామా ఎంతటి ఆయుధమో తెలుగు దేశం పిఠాపురంలో చూసింది. సంతానం లేక రాజా గంగాధర రామారావు 1873లో వెంకటగిరి వంశం నుంచి ఒక బాలుణ్ణి దత్తు తీసుకున్నారు. పన్నెండేళ్ల తరువాత, 1885లో, సొంత కొడుకు పుట్టాడు. రాజా వీలునామాలో జమీందారీని ఆ చిన్నవాడికి రాసి 1890లో కన్నుమూశారు. అప్పటికి ఆ బాలుడికి అయిదేళ్లు. దత్తపుత్రుడు వ్యాజ్యం వేశారు. పసివాడి తరఫున నిలబడింది తల్లీ కాదు, బాబాయీ కాదు, మైనర్ల ఎస్టేట్లను చూసే ప్రభుత్వపు కోర్టు ఆఫ్ వార్డ్స్. దాని అధికారులకు వీలునామా తెలుసు, దస్తావేజులన్నీ వారి స్వాధీనంలో ఉన్నాయి, ఖర్చుకు ఎస్టేటు రాబడి ఉంది. 1899లో ప్రివీ కౌన్సిల్ వీలునామా చెల్లుతుందని తేల్చింది. ఆ పసివాడే తరువాతి కాలంలో సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడైన, కాకినాడ కళాశాలను ఆదరించిన మహారాజా సూర్యారావు బహద్దూర్. ఒక తండ్రి రాసిన కాగితం నిలబడినందువల్ల తెలుగు భాషకు దక్కిన మేలు అది. కాగితం ఒక్కటే నిలబెట్టలేదు. దాన్ని మోసే యంత్రాంగం సిద్ధంగా ఉండబట్టే అది నిలిచింది. అంతటి యంత్రాంగం అయిదెకరాల రైతుకు ఎక్కడ దొరుకుతుంది?

నైజాములోనూ, తీర పట్టణాల్లోనూ ముస్లిం కుటుంబాల దారి వేరు. వారి ధర్మశాస్త్రం వసీయత్‌ను, అంటే వీలునామాను, మొదటి నుంచీ ఒప్పుకుంది, కానీ అప్పులూ ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకే. అంతకు మించితే వారసులు, అదీ వసీయత్ చేసినవాడు పోయిన తరువాత, సమ్మతించాలి. మిగతా రెండు వంతులు ఖురాన్ చెప్పిన వాటాల ప్రకారం భార్యకు, కూతుళ్లకు, కొడుకులకు వెళతాయి. నోటితో చెప్పినా చెల్లుతుంది. నడిపించేవాడికి వసీ అన్న ప్రత్యేక స్థానం ఉంది, వక్ఫుకు ముతవల్లీ ఉన్నాడు. వాటాలు ముందే అందరికీ తెలిసి ఉన్నందువల్ల అక్కడ రహస్యానికి ఉన్న చోటు చిన్నది.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లకు వచ్చేసరికి తెలుగు సంస్కర్తలు, దాతలు ఈ అప్పగింతను మళ్లీ బతికుండగానే చేయడం మొదలుపెట్టారు. ఇందులో నాకు ముందుగా తోచే పేరు కందుకూరి వీరేశలింగం. 1906లో రాజమహేంద్రవరంలో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దాని పరం చేశారు. స్త్రీల చదువు, వితంతువుల సంరక్షణ నడవాలంటే తాను పోయిన తరువాత ఎవరో కాగితం విప్పి చదివితే సరిపోదని ఆయనకు తెలుసు. వితంతు వివాహాలు చేయించినందుకు బంధువులూ, ఊరూ వెలివేసిన మనిషి ఆయన. వీలునామా మీద వ్యాజ్యం వేయడానికి కారణాలు వెతికేవారికి ఆ రోజుల్లో కొదవ లేదు. అందుకే సమాజపు సభ్యుల్ని పక్కన కూర్చోబెట్టుకుని, 1919లో తాను కన్నుమూసేదాకా వారు పని చేస్తుండగా చూశారు. తప్పు జరిగితే దిద్దడానికి, మనిషి సరిపోకపోతే మార్చడానికి ఆయనకు వ్యవధి దొరికింది. వీలునామా రాసినవాడికి ఆ వ్యవధి ఉండదు. ఇంకోవైపు, కోరంగి తీరం నుంచి వెళ్లి రంగూనులో సంపాదించిన మల్లాడి సత్యలింగ నాయకర్ వీలునామా మార్గమే ఎంచుకున్నారు. దానిమీద నిలిచిన ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ కాకినాడలో విద్యాసంస్థలు నడిపింది. సముద్రం అవతల సంపాదన, ఇవతల ధర్మం, మధ్యలో ట్రస్టీలు. ఈ త్రిభుజం వంద ఏళ్ల తరువాత అమెరికా తెలుగువారి ఇళ్లలో మళ్లీ కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు మలుపు. 1925 భారత వారసత్వ చట్టానికి చేసిన సవరణ వల్ల 1927 జనవరి 1 నుంచి హిందువు ఎక్కడ రాసినా వీలునామా కాగితం మీదే ఉండాలి, సంతకమో వేలిముద్రో ఉండాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. అంతకుముందు గుంటూరులోనో కడపలోనో మంచం మీద ఉన్నవాడు నోటితో చెప్పినా చెల్లేది. చెప్పాలంటే వినేవాడు కావాలి, కాబట్టి ఎవరికీ తెలియకుండా నోటి వీలునామా పుట్టడానికి వీలే లేదు. 1927 తరువాత కాగితం తప్పనిసరి అయింది, మాట అదనమైంది. పైగా సాక్షికి లోపల ఏముందో తెలియనక్కరలేదు. రాసినవాడు సంతకం చేస్తుండగా చూసి తానూ సంతకం పెడితే చాలు. మోసాల్ని అరికట్టడానికి ఇది గొప్ప సంస్కరణే, సందేహం లేదు. దొంగ సాక్ష్యాలతో నోటి వీలునామాలు పుట్టించిన కేసులతో విసిగిన జడ్జీలు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఎవరికీ చెప్పకుండా ఆస్తి మొత్తం ఏర్పాటు చేసి పోయే అలవాటుకు మన పల్లెలో దారి మరింత తెరుచుకుంది. ఆ చట్టం వీలునామాను నడిపించవలసిన ఎగ్జిక్యూటర్‌కు పెద్ద అధికారమే ఇచ్చింది. రాసినవాడు పోయిన క్షణం నుంచి ఆస్తి న్యాయరీత్యా అతడికి సంక్రమిస్తుంది. ప్రొబేటు తీసుకుంటే ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో జమాఖర్చులు కోర్టుకు ఇవ్వాలి. ఆ జాబితా తయారు చేయడానికి కావలసిన సమాచారం అతడికి ఎవరు ఇస్తారో చట్టం చెప్పలేదు.

రిజిస్ట్రేషను ఆఫీసు ఈ ఖాళీని కొంత పూడ్చింది, కొంత పెంచింది. 1908 చట్టం వీలునామా రిజిస్ట్రేషనును ఐచ్ఛికంగా ఉంచింది. కావాలంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచుకునే వీలూ కల్పించింది. రిజిస్టరయిన వీలునామా మూడో పుస్తకంలోకి ఎక్కుతుంది, రాసినవాడు బతికి ఉన్నంతకాలం నకలు ఇతరులకు ఇవ్వరు. మంచిదే. కానీ మనవాళ్లందరూ పొలం విషయంలో నమ్ముకునే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మొదటి పుస్తకంలోని లావాదేవీలనే చూపుతుంది, వీలునామా అందులో కనిపించదు. ఎగ్జిక్యూటర్‌గా పేరు రాసినవాడికి ఏ ఆఫీసులో, ఏ సంవత్సరంలో రిజిస్టరయిందో తెలియకపోతే ప్రభుత్వం భద్రంగా దాచిన కాగితం అతడికి దొరకడం కష్టం. చాలాకాలం ఈ ఇబ్బంది పెద్దగా తెలియలేదు, ఎందుకంటే దస్తావేజు లేఖరి ఊరివాడే, కరణం ఊరివాడే. ఫలానా పెద్దాయన ఫలానా సంక్రాంతికి ముందు తహశీలు బండి ఎక్కాడన్న సంగతి ఇద్దరిలో ఒకరికైనా గుర్తుండేది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసినప్పుడు వంశపారంపర్య పెత్తనం పోయింది, పోవలసిందే. దానితోపాటు ఊరి జ్ఞాపకమూ పోయిందని అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆ తరువాత పట్టాదారు పాసుపుస్తకాలు, కంప్యూటర్ అడంగళ్లు, ధరణి, భూభారతి వంటివి భూమి ఎవరిదో చెబుతూ వచ్చాయి. ఎవరికి పోవాలనుకున్నాడో చెప్పడం వాటి పని కాదు.

చెప్పకపోవడం ఎంత దూరం వెళుతుందో తెలియాలంటే హైదరాబాదుకు రావాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వాడిన పాదరక్ష ముందుభాగంలో జాకబ్ వజ్రం దాగి ఉండగా ఆయన కొడుక్కు దొరికిందని చెప్పుకునే కథ నిజమో కాదో గాని, వారసుడికి లెక్క చెప్పని సంపద గురించి జనం ఊహించుకున్న తీరు అందులో ఉంది. ఆ కొడుకు, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, తండ్రి దారిలో పోలేదు. రాజ్యం పోయిన తరువాత 1950 దశకం మొదట్లో నగల ట్రస్టులు, కుటుంబ ట్రస్టు, ధర్మ ట్రస్టు అంటూ ఒక్కొక్క సంపదకు ఒక్కొక్క పత్రం రాయించి ట్రస్టీల చేతిలో పెట్టారు. అంత పద్ధతిగా చేసినందువల్లే ఎన్ని వ్యాజ్యాలు నడిచినా నగలు చెల్లాచెదురు కాలేదు. 1995లో 173 వస్తువుల్ని భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది, జాకబ్ వజ్రం వాటిలో ఒకటి. అదే మనిషి పేరిట పత్రం లేకుండా, ఉద్దేశం చెప్పకుండా కదిలిన ఒక మొత్తం కథ ఇంకోలా నడిచింది. 1948 సెప్టెంబరు 20న, హైదరాబాదు సైనిక చర్య ముగిసిన రోజుల్లో, లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న పది లక్షల పౌండ్లకు పైబడిన సొమ్మును నిజాం ప్రభుత్వ ప్రతినిధి పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు బదిలీ చేశాడు. కొద్ది రోజుల్లోనే ఆ బదిలీకి తన అనుమతి లేదని, వెనక్కి ఇవ్వాలని నిజాం కోరారు. ఖాతాదారు ఒప్పుకోనిదే ఇవ్వమన్నది బ్యాంకు. అది కానుకా, ఆయుధాల ఖరీదా, భద్రత కోసం ఉంచిన నమ్మకపు సొమ్మా? నిజాం 1967లో పోయారు. ఆ ప్రశ్నకు లండన్ హైకోర్టు 2019 అక్టోబరు 2న జవాబు చెప్పింది: హైకమిషనర్ దాన్ని నిజాం కోసం నమ్మకంగా ఉంచుకున్నాడని, అది నిజాం పక్షానికే చెందుతుందని. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. డెబ్బై ఒక్క ఏళ్ల తరువాత కోర్టు ఊహించి రాయవలసి వచ్చిన ఆ ఉద్దేశం ఆనాడు ఒక ఉత్తరంలో నాలుగు వాక్యాలై ఉండవచ్చు.

సామాన్య కుటుంబాల్లో చెప్పకపోవడానికి కారణాలు ఇంత రాజకీయమైనవి కావు. 1956 హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలో తన వాటాను కూడా వీలునామా రాసుకోవచ్చని తండ్రికి హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ అప్పటికి పెళ్లికాని కూతురిని కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుదారును చేసింది. దేశమంతటికీ ఆ మాట రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. తెలుగు నేల గర్వించవలసిన తొలి అడుగు అది. అయితే దానికి ఎదురుగా ఒక అలవాటూ పెరిగింది. కూతురికి చెప్పకుండా, అల్లుడికి పొక్కకుండా కొడుకుల పేర వీలునామా రాయడం. రహస్యం కావాలి కాబట్టి ఎగ్జిక్యూటర్‌గా లబ్ధి పొందే పెద్దకొడుకునే పెట్టడం, లేదా ఎవరినీ పెట్టకపోవడం. ఈనాడు మన సివిల్ కోర్టుల్లో వీలునామా వ్యాజ్యాల్లో పదేపదే వినిపించే మాట, ఈ కాగితం గురించి నాన్న బతికుండగా ఒక్కసారి కూడా అనలేదు, అన్నది. అది ఎప్పుడూ అబద్ధమని అనలేం. వీలునామా దాచినందువల్ల అన్యాయం జరగడమే కాదు, న్యాయంగా రాసిన వీలునామాకు కూడా దొంగ కాగితపు వాసన అంటుకుంటుంది.

ఇంతలో ఆస్తి రూపమే మారింది. పొలం, ఇల్లు, బంగారం ఉన్న చోట ఎల్‌ఐసీ పాలసీ, ఫిక్స్‌డ్ డిపాజిట్టు, డీమ్యాట్ ఖాతా, పీఎఫ్ చేరాయి. వీటికి నామినీ ఉన్నాడు కదా అని జనం నిశ్చింతపడ్డారు. 1984లో సర్బతీ దేవి కేసులో సుప్రీం కోర్టు, నామినీ సొమ్ము అందుకునే చెయ్యి మాత్రమే, సొమ్ము వారసులదే అని చెప్పింది. బీమాలో భార్యాపిల్లలు, తల్లిదండ్రులు నామినీలైనప్పుడు వారికే చెందేలా 2015లో సవరణ వచ్చింది. షేర్ల విషయంలో 2023లో సుప్రీం కోర్టు పాత మాటనే ఖరారు చేసింది. అంటే నామినీ ఒకరు, వీలునామాలో హక్కుదారు ఇంకొకరు, ఎగ్జిక్యూటర్ మరొకరు కావచ్చు, ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవచ్చు. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు 2014 నుంచి రిజర్వు బ్యాంకు నిధికి చేరుతున్నాయి. వాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ పోర్టల్ పెట్టారు. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. కోవిడ్ రెండో విడతలో, 2021 వేసవిలో, ఆసుపత్రిలో చేరిన వారం రోజులకే మనిషి పోయిన ఇళ్లలో ఫోను తెరిచే నాలుగంకెలు తెలియక ఏ బ్యాంకులో ఏముందో కనుక్కోలేక అవస్థపడినవారిని మన తరం కళ్లారా చూసింది. ఆ తరువాతే నలభై ఏళ్లవాళ్లు కూడా వీలునామా మాట ఎత్తడం అపశకునం కాదన్న స్థితికి వచ్చారు.

ఈ మార్పు ముందుగా వచ్చింది సముద్రం దాటినవారిలో. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబం పిల్లలు చిన్నవాళ్లుగా ఉండగానే వకీలు దగ్గరికి వెళ్లి లివింగ్ ట్రస్టు రాయించుకుంటుంది. బతికి ఉన్నంతకాలం తామే ట్రస్టీలు, తరువాత ఎవరన్నది పత్రంలో పేరుతో ఉంటుంది. గూగుల్ 2013 నుంచి, ఆపిల్ 2021 నుంచి మన ఖాతాలు మన తరువాత ఎవరు తెరవవచ్చో ముందే పేరు పెట్టుకునే ఏర్పాటు ఇచ్చాయి. ఆపిల్ ఏర్పాటులో ఆ పేరు గల మనిషికి తాళంచెవి వంటి సంకేతాన్ని ముందుగానే ఇవ్వవచ్చు. ద్రాక్షారామపు దాత చేసిన పనిని చట్టం మరిచిపోయినా ఒక కంపెనీ గుర్తు చేసిందని చమత్కరించవచ్చు.

హైదరాబాదు, విజయవాడ వకీళ్లలో కొందరు ఇప్పుడు ఎగ్జిక్యూటర్‌ను కూడా ఆఫీసుకు రమ్మంటున్నారు. అతడి సమ్మతి అడుగుతారు, అతడికి కుదరకపోతే రెండో పేరు రాస్తారు, మూల ప్రతి ఏ లాకరులో ఉందో, ఏ సబ్ రిజిస్ట్రారు దగ్గర ఏ నంబరుతో రిజిస్టరయిందో ఒక కాగితం అతడి చేతికి ఇప్పిస్తారు. వాటాలు ఎవరికెంత అన్నది చెప్పాలా వద్దా అన్న దగ్గర మాత్రం కుటుంబాలు ఇంకా విడిపోయే ఉన్నాయి. చెబితే బతికుండగానే తగువులు అంటారు కొందరు పెద్దలు, చెప్పకపోతే పోయాక తగువులు అంటారు వారి పిల్లలు. ఆస్తుల జాబితా, అప్పుల జాబితా చెప్పి, వాటాలు దాచుకోవడం అన్న మధ్యేమార్గం ఎక్కువ ఇళ్లలో నడుస్తోంది. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ ఆ జాబితా మార్చేవారు మాత్రం తక్కువ.

అమెరికా కుటుంబాలకు ఇంకో చిక్కు ఉంది. గుంటూరులో ఉన్న తమ్ముణ్ణి తన తరువాతి ట్రస్టీగా రాస్తే, ముఖ్య నిర్ణయాలు అమెరికా వాసి కానివాడి చేతిలో ఉన్నందువల్ల అక్కడి పన్ను చట్టం ఆ ట్రస్టును విదేశీ ట్రస్టుగా లెక్కగట్టే ప్రమాదం ఉంది. అందుకని ఈ మధ్య రెండు పత్రాల పద్ధతి స్థిరపడుతోంది. అక్కడి ఆస్తికి అక్కడ ఉన్న బావమరిదో స్నేహితుడో ట్రస్టీ. ఇక్కడి పొలానికి, ఫ్లాటుకు విడిగా తెలుగులోనో ఇంగ్లీషులోనో ఇక్కడ రాసిన వీలునామా, దానికి తమ్ముడు ఎగ్జిక్యూటర్. రెండో పత్రం మొదటిదాన్ని రద్దు చేయడం లేదని ఒక వాక్యం అందులో ఉండి తీరాలి, లేకపోతే తరువాత రాసినది ముందుదాన్ని మింగేసే ప్రమాదం ఉంది. ఆ వాక్యం ఉందో లేదో చూడమని వీడియో కాల్‌లో తమ్ముణ్ణీ, బావమరిదినీ ఒకేసారి కూర్చోబెట్టి రెండు పత్రాలూ చదివిస్తున్న కుటుంబాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి.